‘నీట్ పోతే లా ఉందిగా’ అనేవారికి

ఏటా జూన్‌లో నీట్ ఫలితాలు వచ్చిన వారం పది రోజులకు నాకు ఒక రకం ఫోన్లు మొదలవుతాయి. చేసేవాళ్ళు కక్షిదారులు కారు. బంధువులు, బంధువుల స్నేహితులు, మా కింది ఫ్లాటువాళ్ళు. అందరి మాటా దాదాపు ఒకటే. "మా అమ్మాయికి ఈసారీ సీటొచ్చేలా లేదండీ. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ పెట్టించే ఓపిక మాకు లేదు. లాలో చేర్పిస్తే ఎలా ఉంటుందంటారు? డాక్టరు కాకపోతే లాయరన్నా అవుతుంది కదా."

ఈ మాట ఇప్పుడు తల్లిదండ్రులతో ఆగలేదు. ఇంటర్ కాలేజీల్లో లెక్చరర్లు అంటున్నారు. కెరీర్ సలహాలిచ్చేవాళ్ళు సభలు పెట్టి మరీ చెబుతున్నారు. మెడిసిన్‌కి ప్రయత్నించే పిల్లలు లాని రెండో దారిగా పక్కన పెట్టుకోవాలనీ, అది ముందుచూపనీ వాళ్ళ వాదన. చాలా ఏళ్ళుగా జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న మనిషిగా ఈ వాదన తప్పని చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. ఈ సలహా పిల్లలకు చెరుపు చేస్తుంది. రేపు ఆ పిల్లల చేతిలో తమ కేసు పెట్టబోయే మనుషులకు అంతకంటే ఎక్కువ చెరుపు చేస్తుంది.

ముందు తేదీలు చూడండి. 2025లో నీట్ మే 4న జరిగింది, ఫలితాలు జూన్ 14న వచ్చాయి. ఆ ఏడాది నేషనల్ లా యూనివర్సిటీల్లో చేరడానికి రాయాల్సిన క్లాట్ అంతకు ఆరు నెలల ముందే, 2024 డిసెంబరు 1న అయిపోయింది. ఉభయ తెలుగు రాష్ట్రాల లా ప్రవేశ పరీక్షలైన లాసెట్లు జూన్ మొదటి వారంలోనే ముగిశాయి. అంటే నీట్ మార్కులు చూసుకుని, ఇంట్లో ఏడుపులూ ఓదార్పులూ అయ్యాక "సరే, లాలో వేద్దాం" అనుకునే సమయానికి హైదరాబాదు నల్సార్ తలుపూ, విశాఖపట్నం దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ తలుపూ, కన్వీనర్ కోటాలో వచ్చే యూనివర్సిటీ కాలేజీల తలుపులూ ఆ ఏడాదికి మూసుకుపోయి ఉంటాయి. మిగిలేవి మేనేజ్‌మెంట్ సీట్లు, సొంతంగా చేర్చుకునే ప్రైవేటు యూనివర్సిటీలు. ఆపదలో పనికొస్తుందని పక్కన పెట్టుకున్నది ఆపద వచ్చిన రోజున చేతికి అందకపోతే దాన్ని జాగ్రత్త అని ఎలా అంటాం?

"అందుకే రెండింటికీ కలిపి చదివిస్తాం" అంటారు కొందరు. ఆ రెండు పరీక్షలు ఎలా ఉంటాయో వాళ్ళు పక్కపక్కన పెట్టి చూడలేదని నా అనుమానం. నీట్‌లో మూడు గంటల్లో 180 ప్రశ్నలు. సగం జీవశాస్త్రం, తక్కిన సగం భౌతిక, రసాయన శాస్త్రాలు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో వాక్యం వాక్యం గుర్తుండాలి, లెక్క నిమిషంలో తేలాలి. క్లాట్‌లో రెండు గంటల్లో 120 ప్రశ్నలు. అవన్నీ ఇంగ్లీషులో ఇచ్చే పొడుగాటి పేరాల మీద ఆధారపడినవి. పేరా చదవాలి, అందులో రాసినవాడి వాదన పట్టుకోవాలి, ఒక సూత్రం ఇస్తే దాన్ని కొత్త సంఘటనకు వర్తింపజేయాలి. పేపరు చదివే అలవాటు లేని పిల్లకు అది కొరుకుడు పడదు. పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్స్‌లో కూర్చునే మన లాంగ్‌టర్మ్ పిల్లలకు దినపత్రిక చదివే తీరిక ఎక్కడిది? తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకైతే ఆ ఇంగ్లీషే మొదటి గోడ. పైగా క్లాట్ రాసేవాళ్ళు అరవై డెబ్బై వేలకు తక్కువ కాకుండా ఉంటే, అందులో ఉన్న డిగ్రీ సీట్లు కొన్ని వేలు మాత్రమే. పోటీ తట్టుకోలేమని ఒక పరీక్షకు భయపడి, దానికోసం ఏమాత్రం తయారుకాని ఇంకో పోటీలోకి పిల్లను తోయడం పెనం మీంచి పొయ్యిలో పడేయడమే.

లాసెట్ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. 120 ప్రశ్నలు, గంటన్నర సమయం, తెలుగులో కూడా రాయవచ్చు, 35 శాతం వస్తే అర్హత. రాసినవాళ్ళలో ఎక్కువమంది గట్టెక్కుతారు. తెలుగులో చదువుకున్న పిల్లలకు న్యాయవిద్య అందుబాటులో ఉండాలి, అందుకే లాసెట్ అంటే నాకు గౌరవం. కానీ సులువుగా దొరికే సీటుకు ఒక ప్రమాదం ఉంది. అది పిల్లకు ఇష్టముందా లేదా అన్న ప్రశ్న ఎవరూ అడగకుండా చేస్తుంది. సీటొచ్చింది, ఫీజు తక్కువ, ఊళ్ళోనే కాలేజీ, రోజూ వెళ్ళకపోయినా ఫరవాలేదని ఎవరో చెప్పారు, ఇక చేర్పించేద్దాం అంటారు. హాజరు 70 శాతం ఉండాలని బార్ కౌన్సిల్ నిబంధన. దాన్ని పట్టించుకోని కాలేజీలు ఎన్నున్నాయో కోర్టుకు వచ్చే జూనియర్ల చేతిలో దావా ముసాయిదా చూస్తే తెలుస్తుంది. 2025 ఆగస్టులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మూడేళ్ళపాటు కొత్త లా కాలేజీలకు అనుమతులు ఆపేసింది. కాలేజీలు ఎక్కువై చదువు పలచబడిందని ఆ సంస్థే ఒప్పుకున్నట్టు దీని అర్థం. అలాంటి కాలేజీల్లో నిజంగా ఏదైనా నేర్చుకోవాలంటే పిల్లలో సొంత పట్టుదల ఉండాలి. ఇక్కడికి బలవంతాన వచ్చిన పిల్లలో సరిగ్గా అదే ఉండదు.

ఇక జ్ఞాపకశక్తి వాదన. "బైపీసీ చదివినవాళ్ళకు గుర్తుంచుకునే శక్తి ఎక్కువ, లా అంటే సెక్షన్లే కదా, బట్టీ పట్టేస్తుంది" అని ఎంత ధీమాగా చెబుతారో! లాయరుగా పనిచేయడానికి రాయాల్సిన ఆలిండియా బార్ పరీక్షలో చట్టాల పుస్తకాలు హాల్లోకి తీసుకుపోనిస్తారు. వాటిలో వ్యాఖ్యానాలు ఉండకూడదు, అంతే. మా వృత్తికి గుమ్మం దగ్గర పెట్టిన పరీక్షే బట్టీ అక్కర్లేదని చెబుతోంది. 2024 జూలై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయసంహిత వచ్చింది. హత్యకు 302 అని నిద్రలో కూడా చెప్పగలిగినవాళ్ళందరికీ తెల్లారేసరికి అది 103 అయింది. 420 కాస్తా 318లోకి వెళ్ళింది. నంబర్లు మాత్రమే వచ్చినవాళ్ళు ఆ రోజు చేతులు కాళ్ళు కూడదీసుకోవాల్సి వచ్చింది. నేరానికి ఏమేం ఉండాలో, సాక్ష్యంలో అవి ఉన్నాయో లేవో చూడటం తెలిసినవాళ్ళకు పని ఆగలేదు.

ఆ చూడటం ఎలా ఉంటుందో చెబుతాను. ప్రోనోటు దావా మా కోర్టుల్లో అతి మామూలు కేసు. 2013 మే 10న రాసిన నోటు ఒకటి అనుకుందాం. బాకీ వసూలుకు మూడేళ్ళ గడువు. దావా వేసింది 2019 ఏప్రిల్‌లో. పైకి చూస్తే కాలదోషం పట్టిపోయింది. నోటు తిరగేస్తే వెనక ఒక చెల్లు ఉంది: వెయ్యి రూపాయలు ముట్టినట్టు, 2016 మే 6 తేదీతో, కింద ఒక సంతకం. ఆ చెల్లు నిజమైతే గడువుకు నాలుగు రోజుల ముందు పడింది కాబట్టి మళ్ళీ మూడేళ్ళు మొదలవుతాయి, దావా బతుకుతుంది. ప్రతివాది "ముందు సంతకం నాదే, వెనక సంతకం నాది కాదు" అంటాడు. ఇప్పుడు కేసంతా ఆ వెనక పేజీలోనే ఉంది. సిరా ఏ రంగు, చెల్లు ఎవరి చేతిరాత, ఆ రోజు అక్కడ ఎవరున్నారు, వెయ్యి రూపాయలే ఎందుకిచ్చాడు, గడువు దాటబోతోందని ఎవరికి తెలుసు. ఇవన్నీ అడగాలనిపించాలి. కాగితం తిరగేసి చూడాలన్న ఆసక్తి ఉండాలి. బట్టీ పట్టిన సెక్షను ఆ కాగితాన్ని తిప్పదు.

తల్లిదండ్రులు ఎక్కువ పొరబడేది డబ్బు విషయంలో. రెండో దారి అంటే త్వరగా నిలదొక్కుకునే దారి కావాలి. మొదటి ప్రయత్నంలో ఏళ్ళు పోయాయి, అప్పులయ్యాయి, ఇక తొందరగా ఒడ్డుకు చేరాలి. మన చదువుల్లో నిలదొక్కుకోవడానికి ఎక్కువ కాలం పట్టేవాటిలో న్యాయవాద వృత్తి ఒకటి. లెక్క వేయండి. ఇంటర్ అయ్యేసరికి పిల్లకు పదిహేడో పద్దెనిమిదో. రెండు లాంగ్‌టర్మ్‌లు పోతే ఇరవై. ఐదేళ్ళ లా అయ్యేసరికి పాతిక. అప్పుడు ఎన్‌రోల్‌మెంట్, బార్ పరీక్ష, ఒక సీనియర్ దగ్గర చేరిక. చిన్న పట్టణాల్లో జూనియర్‌కి నెలకు చేతికొచ్చేది దారి ఖర్చులకు సరిపోతే గొప్ప. కొందరు సీనియర్లు అదీ ఇవ్వరు. ప్రాక్టీసు చేస్తూ ఇంకోచోట పూర్తికాలం జీతానికి పనిచేయడానికి బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త లాయర్లకు మొదటి మూడేళ్ళు నెలకు 5,000 రూపాయలిచ్చే లా నేస్తం పథకం తెచ్చింది. ఐదేళ్ళు చదివి పట్టా పుచ్చుకున్నవాళ్ళకు ప్రభుత్వం నెలకు ఐదు వేలు ఇచ్చి ఆదుకోవాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు నగరాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని సీనియర్లకు సూచించింది. అది సూచనే, తప్పనిసరి కాదు.

ఒక్క ఊరట ఉంది, దాన్ని దాచను. ఎన్‌రోల్‌మెంట్ పేరుతో రాష్ట్ర బార్ కౌన్సిళ్ళు వేలకు వేలు వసూలు చేయడం కుదరదని, చట్టంలో ఉన్నట్టు జనరల్ అభ్యర్థులకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు మించకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు చెప్పింది. పేద పిల్లలకు అది మంచి తీర్పు. అయితే అది గుమ్మం దాటే ఖర్చు తగ్గించింది, లోపల గడపాల్సిన ఏళ్ళను తగ్గించలేదు.

"ప్రాక్టీసు ఎందుకండీ, జడ్జి పరీక్ష రాయిస్తాం" అంటారు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు మళ్ళీ తప్పనిసరి చేసింది. మన లెక్క ప్రకారం పిల్ల ఆ పరీక్ష రాయడానికి అర్హత పొందేసరికే ఇరవై ఎనిమిది. ఆ తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. కోర్టులో ఒక్కరోజు కూడా నిలబడని మనిషి ఇతరుల ఆస్తి, స్వేచ్ఛ గురించి తీర్పు చెప్పకూడదు. ఇక "కార్పొరేట్ లాయర్లకు నెలకు లక్షలట కదా" అనే మాట. నిజమే, ఇస్తారు. ఆ కొలువుల్లో ఎక్కువ భాగం పేరున్న కొద్ది లా యూనివర్సిటీల క్యాంపస్‌లలో, అక్కడా మొదటి వరుసలో ఉన్న పిల్లలకు దొరుకుతాయి. జూన్‌లో మేనేజ్‌మెంట్ సీటు కొన్నవాళ్ళకు ఆ జీతాల అంకెలు చూపించడం మోసం. ఇంకో మాట వాడటం నాకు చేతకావడం లేదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. నీట్ రాయడానికి ఇన్నిసార్లనే పరిమితి లేదు. 2022లో గరిష్ఠ వయసు నిబంధన కూడా ఎత్తేశారు. డాక్టరు కావాలని నిజంగా తపించే పెద్దవాళ్ళకు అది మేలు చేసి ఉండవచ్చు. లాని రెండో దారిగా పట్టుకున్న పిల్లలకు మాత్రం అది ఎప్పటికీ మూసుకోని తలుపు అయింది. లా మొదటి ఏడాది హాస్టల్ గదిలో కాంట్రాక్ట్ యాక్ట్ పక్కనే జువాలజీ గైడు ఉంటుంది. మిడ్ పరీక్షలకు బదులు మాక్ టెస్టులకు వెళ్తారు. మేలో మళ్ళీ నీట్ రాస్తారు, జూన్‌లో మళ్ళీ ఫలితం, మళ్ళీ అదే దిగులు. టార్ట్స్ పుస్తకం తెరవకుండానే ఏడాది పోతుంది. రెండో ఏడాదీ అంతే. ఇంట్లో చుట్టాలు వచ్చినప్పుడు "ప్రస్తుతానికి లాలో ఉంది" అని తల్లి చెప్పే మాట ఆ పిల్ల చెవిన పడుతూనే ఉంటుంది. ప్రస్తుతానికి చదివేది ఎవరైనా మనసు పెట్టి చదువుతారా? లాయరుకు కాలేజీలో గడిచే ఆ ఐదేళ్ళే పునాది. చదవడం, రాయడం, మూట్ కోర్టులో తడబడటం, సీనియర్ చేతిలో చీవాట్లు తినడం, అన్నీ అప్పుడే. ఆ ఐదేళ్ళూ ఇంకోవైపు చూస్తూ గడిపిన పిల్లకు పాతికేళ్ళకు చేతిలో ఉండేది రెండు సగాలు.

ఆ సగం తయారైన లాయరు దగ్గరికి మనుషులు వస్తారు. ఈ వాదన చేసేవాళ్ళు వాళ్ళను ఒక్కసారి కూడా తలుచుకోరు.

రోడ్డు ప్రమాదం కేసు తీసుకోండి. ముప్పై ఏళ్ళ ట్రాక్టరు డ్రైవరుకు మోకాలి కిందికి కాలు తీసేశారు. నెలకు 12,000 సంపాదించేవాడు. మెడికల్ బోర్డు వైకల్యం 60 శాతమని సర్టిఫికెట్ ఇచ్చింది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో నష్టపరిహారం లెక్కకు సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం ముప్పై ఏళ్ళవాడికి ఏడాది ఆదాయాన్ని పదిహేడుతో హెచ్చవేస్తారు. భవిష్యత్తులో పెరిగే ఆదాయం సంగతి పక్కన పెట్టినా, 1,44,000 పెట్టి పదిహేడు అంటే 24,48,000. అందులో 60 శాతమే లెక్కిస్తే 14,68,800. కానీ కాలు లేని మనిషి ట్రాక్టరు నడపలేడు. శరీరానికి వైకల్యం 60 శాతమే అయినా ఆ పనిలో సంపాదించే శక్తి అంతా పోయింది. ఈ రెండూ వేరని, సంపాదన శక్తి ఎంత పోయిందో విడిగా చూడాలని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. అందుకు డాక్టరు సాక్ష్యం చెబుతున్నప్పుడు లాయరు లేచి ఒక ప్రశ్న అడగాలి: "డాక్టరుగారూ, ఈయన మళ్ళీ భారీ వాహనం నడపగలడా?" డాక్టరు "నడపలేడు" అంటే అది రికార్డులో చేరుతుంది. ఆ ప్రశ్న అడగకుండా సర్టిఫికెట్‌ను మార్కు చేయించి కూర్చుంటే ఆ కుటుంబం 9,79,200 రూపాయలు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. పోగొట్టుకున్నామని వాళ్ళకు ఎప్పటికీ తెలియదు కూడా. ఆ ప్రశ్న అడగడానికి అతీతమైన ప్రతిభేం అక్కర్లేదు. ఆ మనిషి కాలు గురించి ముందురోజు రాత్రి ఆలోచించి ఉండాలి. ఇష్టం లేని వృత్తిలో ఉన్నవాళ్ళు ముందురోజు రాత్రి ఆలోచించరు.

ఇష్టం లేకుండా డాక్టరైనవాళ్ళ చేతిలో పడటానికి మనం ఎవ్వరం ఒప్పుకోం. "ఐఐటీ రాలేదు, అందుకని సర్జరీ చేస్తున్నాడు" అంటే ఆపరేషన్ బల్ల మీంచి లేచి వస్తాం. లాయరు విషయంలో మాత్రం ఆ మాటను సలహాగా ఇస్తున్నాం. ఆస్తి పోయినవాడి బాధ, జైల్లో ఉన్నవాడి బాధ, భర్త కొట్టి గెంటేసిన ఆడమనిషి బాధ వైద్యానికి వచ్చిన నొప్పి కంటే తక్కువని మనసులో ఎక్కడో తీర్మానించుకుంటే తప్ప అలా అనలేం.

నా వాదనకు అవతలివైపున్న బలమైన మాట ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. "పదిహేడేళ్ళ పిల్లకు ఏది ఇష్టమో ఎలా తెలుస్తుంది? అనుకోకుండా చేరి గొప్ప లాయర్లయినవాళ్ళు లేరా?" ఉన్నారు. నాకే తెలుసు. వాళ్ళంతా చేరిన తర్వాత ఏదో ఒక రోజు మెడిసిన్ గురించి ఆలోచించడం మానేసినవాళ్ళు. ఆ మానేయడాన్ని అసాధ్యం చేసేదే ఈ రెండో దారి ఆలోచన. ఇంకో సంగతి: లాకి తొందర లేదు. మా వృత్తికున్న గొప్ప సౌలభ్యం అది, దాన్నెవరూ పిల్లలకు చెప్పరు. ఏ డిగ్రీ అయినా చేసి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ చదవవచ్చు. గణితంలో పీహెచ్‌డీ చేసి కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన కె. బాలగోపాల్ ఆ తర్వాతే లా చదివి హైకోర్టులో ప్రాక్టీసుకు వచ్చారు. లాకప్ మరణాల మీద, భూముల మీద, ఆదివాసీల హక్కుల మీద ఆయన చేసిన పని తెలుగు నేల మీద న్యాయవాదానికి ఒక కొలత. ఆయనకు లా కావాలనిపించినప్పుడు వచ్చారు. టంగుటూరి ప్రకాశం చిన్నతనంలోనే ప్లీడరు కావాలని పట్టుబట్టి, పేదరికంతో పోరాడి రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరై, అక్కడినుంచి ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చారు. తొందరగా తెలిసినవారికీ ఆలస్యంగా తెలిసినవారికీ కూడా ఇక్కడ చోటుంది. ఇంకా తెలియని పిల్లను పద్దెనిమిదేళ్ళకే ఐదేళ్ళ కోర్సులో కట్టిపడేయాల్సిన అవసరం ఎక్కడుంది?

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ళ ఇళ్ళల్లోనూ ఇదే సంభాషణ నడుస్తోంది. అక్కడ మెడికల్ స్కూలుకు దరఖాస్తు పెట్టినవాళ్ళలో సగం మందికి కూడా ప్రవేశం దొరకదు. "మెడికల్ ప్రవేశానికి ఎంక్యాట్ బాగా రాలేదు, లాకి ఎల్‌శాట్ రాయనీ" అంటున్నారు. మూడేళ్ళ లా చదువుకు ఏడాదికి యాభై అరవై వేల డాలర్ల ఫీజున్న కాలేజీలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ అప్పు నెత్తిన పెట్టుకుని, ఆపైన రాష్ట్రం బార్ పరీక్ష రాసి, ఇష్టం లేని పనిలో దిగడం ఇక్కడికంటే ఖరీదైన పొరపాటు.

మరి నీట్ రానివాళ్ళు లాకి రాకూడదా అంటే, తప్పకుండా రావాలి. జీవశాస్త్రం తెలిసిన లాయర్లు మాకు కావాలి. గాయాల సర్టిఫికెట్ చదవగలిగినవాళ్ళు, పోస్టుమార్టం రిపోర్టులో పక్కటెముక విరిగిందంటే దెబ్బ ఎటునుంచి పడిందో డాక్టరును అడగగలిగినవాళ్ళు మా బార్‌లో తక్కువ. వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చిన 1995 నాటి శాంత కేసు నుంచి ఈ రంగం పెరుగుతూనే ఉంది. కాబట్టి తెలుసుకోవడానికి ఒక పని చేయండి. 2008 నాటి సమీరా కోహ్లీ కేసు తీర్పు సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పరీక్ష కోసమని మత్తు తీసుకున్న ఒక మహిళకు, ఆమె మత్తులో ఉండగానే తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తొలగించారు. ప్రాణాపాయం లేనప్పుడు, మేజర్ అయిన మహిళ తరఫున తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని కోర్టు చెప్పింది. దీన్ని మీ అమ్మాయికి ఇచ్చి, ఏమీ చెప్పకుండా వారం వదిలేయండి. "మళ్ళీ మత్తివ్వకుండా అప్పుడే తీసేస్తే మంచిదే కదా?" అని ఆమె మీతో వాదనకు దిగినా, "కాదు, ఆమె ఒళ్ళు ఆమెది" అని కోపం తెచ్చుకున్నా, పరిహారంగా 25,000 రూపాయలే ఎందుకిచ్చారని అడిగినా, ఆ అమ్మాయిని మాకివ్వండి. రెండు పేజీలు చదివి పక్కన పడేస్తే బలవంతం చేయకండి. వెటర్నరీ ఉంది, అగ్రికల్చర్ ఉంది, ఫిజియోథెరపీ, నర్సింగ్, మామూలు బీఎస్సీ ఉన్నాయి. లా ఎప్పుడైనా చదువుకోవచ్చు.

కోర్టుకూ తీసుకురండి. మన కోర్టులు బహిరంగంగా నడుస్తాయి, ఎవరైనా వచ్చి వెనక బల్ల మీద కూర్చోవచ్చు. పదిన్నరకు కేసులు పిలిచే కాల్ వర్క్ దగ్గర్నుంచి సాయంత్రం దాకా ఒక పూర్తి రోజు చూపించండి. ఎంత పని వాయిదా పడుతుందో, ఎంతసేపు నిలబడాలో, సాక్షి ఒక్క మాట జారితే లాయరు ఎంత చురుగ్గా పట్టుకోవాలో ఆ పిల్ల కళ్ళతో చూడాలి. సినిమాల్లో చూసిన కోర్టు కంటే ఇది విసుగ్గా ఉంటుంది. ఆ విసుగులోనూ సాయంత్రం ఇంటికి వెళ్ళేదారిలో "ఆ సాక్షి అబద్ధం చెబుతున్నాడని జడ్జిగారికి ఎలా తెలిసింది?" అని అడిగితే నాకు చాలు.

ఇంటర్ కాలేజీల యాజమాన్యాలను ఒకటి అడుగుతున్నాను. బైపీసీ సెకండియర్ క్లాసులు నడుస్తున్న జూలై, ఆగస్టుల్లోనే క్లాట్ దరఖాస్తులు మొదలవుతాయి. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా రాయవచ్చన్న సంగతి చాలా సెక్షన్లలో ఎవరూ చెప్పరు. నీట్ మాక్ టెస్టుల షెడ్యూలు అంటించే బోర్డు మీదనే క్లాట్ చివరి తేదీ, తర్వాత లాసెట్ చివరి తేదీ కూడా అంటించండి. లా చదవాలని ఉన్న పిల్ల నీట్ ఫలితం కోసం ఎదురుచూడకుండా అప్పుడే దరఖాస్తు పెట్టుకుంటుంది.